పిల్లలు అమ్మమ్మ ఇంటికి, మీరు అమెరికాలో: వైద్య అనుమతి పత్రానికి ఏ నోటరీ మేలు?

బ్యాంకులో ఖాతా ఉంటే బ్యాంకు నోటరీ చాలు. తల్లి ఒక ఊళ్లో, తండ్రి ఒక ఊళ్లో ఉంటే ఆన్‌లైన్ నోటరీ. డబ్బు తీసుకుని ఫారం తయారుచేసి ఇచ్చే వెబ్‌సైట్లు అక్కర్లేదు. అపోస్టిల్ (ఒక దేశపు పత్రం ఇంకో దేశంలో చెల్లడానికి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) ప్యాకేజీలు అసలే వద్దు. సెలవులకు పిల్లల్ని అమ్మమ్మ తాతయ్యలతో హైదరాబాదుకో విజయవాడకో పంపి తాము అమెరికాలోనే ఉండిపోయే తల్లిదండ్రులకు మేం చెప్పేది ఇదే.

నోటరీ చూసేది రెండే: సంతకం పెట్టిన మనిషి ఎవరు, ఇష్టపూర్వకంగానే పెట్టాడా అని. లోపల ఏం రాశారన్నది వాళ్లకు పట్టదు. అందుకే ముద్ర ఎంత అందంగా పడ్డా, రాత సరిగ్గా లేకపోతే ఆస్పత్రి కౌంటర్ దగ్గర ఆ కాగితం ఎందుకూ కొరగాదు. కాబట్టి ముందు రాత సంగతి.

ఫారం వెబ్‌సైట్లకు మేం తక్కువ మార్కులు వేసింది ఇక్కడే. అవి అమెరికా లోపలి వాడకానికి తయారైనవి. బీమా గ్రూప్ నంబరుకు గడి ఉంటుంది, మత్తుమందు మాట చాలావాటిలో ఉండదు. మన దగ్గర ఆపరేషన్‌కు ఒక కన్సెంట్, మత్తుకు విడిగా ఇంకొకటి, రక్తం ఎక్కించాలంటే మరొకటి అడుగుతారు. మీ పత్రం వాటికి బదులు కాదు. వాటి మీద సంతకం పెట్టే అధికారం తాతయ్యకు ఇస్తుందంతే. అందుకని పరీక్షలు, ఆస్పత్రిలో చేర్చడం, మత్తు, శస్త్రచికిత్స, రక్తం, పళ్ల వైద్యం, టీకాలు అన్నీ పేరుపేరునా రాయాలి. టీకాలెందుకంటారా? వీధికుక్క కరిస్తే రేబిస్ టీకా ఒక్క సూదితో అయిపోదు, వారాల తరబడి వేయించాలి. ప్రతి డోసుకీ మీకు అర్ధరాత్రి ఫోన్ చేయించుకోనక్కర్లేదు.

పేర్ల దగ్గరే ఎక్కువ కాగితాలు చెడతాయి. తాతయ్య పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఇనిషియల్‌గా ఉంటుంది. హైదరాబాద్ ఆస్పత్రిలో ఆయన తీసి చూపించేది ఆధార్. పత్రంలో పాస్‌పోర్టు పేరు రాసి, "ఆధార్‌లో ఈ విధంగా" అని రెండో రూపం కూడా చేర్చండి. అమ్మమ్మ, తాతయ్య ఇద్దర్నీ విడివిడిగా, "ఎవరైనా ఒకరు సంతకం చేయవచ్చు" అన్న మాటతో రాయాలి. "ఇద్దరూ కలిసి" అని పడిందంటే, ఒకరు ఊరెళ్లిన రోజే అవసరం వస్తుంది. తేదీలు అంకెల్లో వద్దు: 06/07 అంటే అక్కడ జూన్ 7, ఇక్కడ జులై 6. నెల పేరు అక్షరాల్లో రాయండి. గడువు తిరుగు టికెట్ తేదీకి కనీసం రెండు వారాలు అవతలికి పెట్టండి. జ్వరం వచ్చి టికెట్ మార్చుకోవాల్సి వచ్చినప్పుడే కదా ఈ కాగితం పని పడేది.

పత్రానికి జతచేసే ఆరోగ్య వివరాల పేజీని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పిల్లవాడి బరువు పౌండ్లలో కాదు, కిలోల్లో రాయాలి. అమెరికాలో ఎసిటమినోఫెన్ అన్నదే ఇక్కడ పారాసిటమాల్. అక్కడి పిల్లల సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములుంటుంది. ఇక్కడి మందుల షాపులో 250 రకం కూడా దొరుకుతుంది. 22 కిలోల పిల్లకు కిలోకు 15 లెక్కన 330 మిల్లీగ్రాములు, అంటే అమెరికా సిరప్ సుమారు 10 మిల్లీలీటర్లు. అదే 10 మిల్లీలీటర్లు 250 రకంలో పోస్తే 500 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. "జ్వరానికి 10 ఎంఎల్" అని రాసి పంపడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి చూడండి. ఇలాగే మిగతా మందులకూ ఇక్కడి పేరు చేర్చండి: ఆల్బ్యుటరాల్ పక్కన సాల్బుటమాల్ అని, ఎపినెఫ్రిన్ పక్కన అడ్రినలిన్ అని రాయండి. అలర్జీకి ఎపిపెన్ (అడ్రినలిన్ సూది) వాడే పిల్లలైతే రెండు పెన్నులు చేతిసంచిలోనే పెట్టి పంపాలి, ఇక్కడి మందుల షాపుల్లో అవి దొరకడం కష్టం.

ఇక సేవల సంగతి. బ్యాంకు నోటరీ ఖాతాదారులకు చాలాచోట్ల ఉచితం. అపాయింట్‌మెంట్ మాత్రం తీసుకోండి, శాఖలో నోటరీ రోజూ ఉండకపోవచ్చు. సాక్షి కావాలంటే బ్యాంకు సిబ్బంది సాధారణంగా ముందుకు రారు, మీరే వెంట తెచ్చుకోవాలి. బ్యాంకు కుదరకపోతే యూపీఎస్ స్టోర్ లాంటి దుకాణాలున్నాయి. రుసుము రాష్ట్రం నిర్ణయిస్తుంది: టెక్సాస్‌లో మొదటి సంతకానికి 10 డాలర్లు, కాలిఫోర్నియాలో సంతకానికి 15, న్యూజెర్సీలో రెండున్నర. అంతకుమించి అడిగితే అది దేనికని నిలదీయండి. ప్రింటుకో ప్రయాణానికో అయితే వేరే మాట. రెండు పొరపాట్లకు వెనక్కి పంపే అవకాశం ఉంది: ఇంట్లోనే సంతకం పెట్టేసి తీసుకెళ్లడం, ఖాళీ గడులు వదిలేయడం. వర్తించని గడిలో గీత కొట్టండి.

ఆన్‌లైన్‌లో ప్రూఫ్ లాంటి సేవలున్నాయి (2023 దాకా దీని పేరు నోటరైజ్). ధర సుమారు 25 డాలర్ల దగ్గర మొదలు, ముద్ర పెరిగితే అదనం. వీడియో కాల్ సాఫీగానే సాగుతుంది. చిక్కల్లా దానికి ముందుండే గుర్తింపు పరీక్షలో. మీ క్రెడిట్ చరిత్ర నుంచి ప్రశ్నలు తీస్తారు, పాత చిరునామా, కారు లోను వంటివి. మామూలుగా ఐదింటికి నాలుగు, రెండు నిమిషాల్లో చెప్పాలి. భర్త ఉద్యోగం మీద వచ్చే హెచ్4 వీసాతో ఉండి, సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లికి, నిరుడే అమెరికా వచ్చిన తండ్రికి ఇక్కడ చుక్కెదురే. అలాంటివాళ్లు డబ్బు కట్టకముందే నేరుగా నోటరీ దగ్గరికి వెళ్లడం మేలు. ఇంకో ఇబ్బంది: ఆన్‌లైన్ ముద్ర అసలు రూపం కంప్యూటర్ ఫైల్లోనే ఉంటుంది, అచ్చేస్తే మామూలు కాగితంలా కనిపిస్తుంది. నీలి ముద్ర కోసం వెతికే కౌంటర్ గుమాస్తాకు ఆ ఫైల్ కూడా పంపి చూపించాల్సి వస్తుంది.

అపోస్టిల్ అమ్మేవాళ్లు "ఇండియాలో చెల్లాలంటే తప్పదు" అంటారు. భారత్ 2005 నుంచి అపోస్టిల్ అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్నమాట నిజమే. కోర్టు, ఆస్తి వ్యవహారాలకు దాని అవసరం వేరు. తాతయ్య పక్కనే నిలబడి ఉండగా ఆస్పత్రి అడిగేది అపోస్టిల్ కాదు, మీ ఫోన్ నంబరు. ఆ నంబరుకు +1 చేర్చి, వాట్సాప్ ఉన్నదే ఇవ్వండి. చాలా ఆస్పత్రి ఫోన్ల నుంచి విదేశాలకు కాల్ పోదు. ప్రాణాపాయం వేళ ఈ కాగితం లేదని వైద్యం ఆగదు, ఆగకూడదు కూడా: అత్యవసర వైద్యం డాక్టర్ బాధ్యతని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద కటారా కేసులో చెప్పింది. పత్రం ఉపయోగపడేది ఆ తర్వాతి మెట్టులో. విరిగిన చెయ్యి మత్తిచ్చి సరిచేయాలి, అపెండిక్స్ రేపు తీయాలి అన్నప్పుడు.

పిల్ల ఒంటరిగా విమానం ఎక్కుతుంటే ఎయిర్‌లైన్ అన్‌అకంపనీడ్ మైనర్ ఫారం వేరు. అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి అప్పగిస్తారన్న లెక్క మాత్రమే, అందులో వైద్య అనుమతి లేదు. శంషాబాద్‌లో తీసుకోవడానికి వచ్చేవారి పేరు ఫారంలోనూ, చేతిలోని గుర్తింపు కార్డులోనూ ఒకేలా ఉండాలి. ప్రయాణ అనుమతి ఉత్తరం కూడా విడిగానే రాయండి. తిరిగొచ్చేటప్పుడు అలాంటి ఉత్తరం, వీలైతే నోటరీ చేయించి, దగ్గర ఉంచుకోమని అమెరికా సరిహద్దు అధికారులే సూచిస్తారు. తల్లిదండ్రుల్లో ఒకరికే సంరక్షణ ఉంటే కోర్టు ఉత్తర్వు నకలు జతచేయాలి.

అసలు ప్రతి తాతయ్య చేతిసంచిలో, ఒక నకలు అమ్మమ్మ దగ్గర, పీడీఎఫ్ ఇద్దరి ఫోన్లలో. సూట్‌కేసులో మాత్రం పెట్టొద్దు.