పేరుకి అమెచ్యూరా, బాహాటంగా ప్రొఫెషనలా: 1972 స్కీయర్‌కి ఏది మేలు?

జపాన్‌లో జరిగిన 1972 సపోరో వింటర్ ఒలింపిక్స్ మాట ఎప్పుడొచ్చినా ఇదే అడుగుతున్నారు, ఆస్ట్రియా స్కీయర్ కార్ల్ ష్రాన్జ్ ముందే ప్రొఫెషనల్ అయిపోయుంటే ఆ అవమానం తప్పేది కదా అని. అప్పట్లో ఒలింపిక్స్‌లో ఆటతో డబ్బు సంపాదించని అమెచ్యూర్లకే చోటు, స్కీ కంపెనీల ప్రకటనలకి తన పేరు, ఫొటో వాడనిచ్చాడని అతన్ని పోటీలకి ముందే ఇంటికి పంపేశారు.

డబ్బు సంగతే చూస్తే ప్రొఫెషనల్ దారే నయం. అమెరికాలో బాబ్ బీటీ నడిపిన రేసుల్లో ప్రైజ్ మనీ నేరుగా చేతికొచ్చేది. అమెరికన్ స్కీయర్ బిల్లీ కిడ్ 1970లో వరల్డ్ చాంపియన్‌షిప్ కంబైన్డ్ (వేర్వేరు రేసుల ఫలితాలు కలిపి తేల్చే టైటిల్) గెలిచి, వెంటనే అటు వెళ్ళి అదే ఏడాది ప్రొ టైటిల్ కూడా కొట్టాడు. 1973లో ఆ ప్రొ టైటిల్ ఫ్రెంచ్ స్కీయర్ జాన్-క్లాడ్ కిల్లీ కొట్టాడు. అమెచ్యూర్లకీ స్కీ కంపెనీల డబ్బు ముట్టేది, కాకపోతే చాటుగా, ఈ సంగతి అందరికీ తెలుసు, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) అధ్యక్షుడు ఏవరీ బ్రండేజ్‌కి ఇంకా బాగా తెలుసు. అయినా 1972 జనవరి 31న ఐఓసీ 28-14 ఓట్లతో ఒక్క ష్రాన్జ్‌నే బయటికి పంపి, మిగతావాళ్ళని రేసుల్లో దిగనిచ్చారు. వేటు ఎవరి మీద పడుతుందో ముందుగా తెలియకపోవడమే అమెచ్యూర్ దారిలో అసలు టెన్షన్.

కానీ నన్నడిగితే తేల్చాల్సింది డబ్బుతో కాదు, ఏ కొండ మీద దిగనిస్తారన్నదానితో. ప్రొ రేసులంటే ఇద్దరు పక్కపక్కనే పోటీపడే స్లాలమ్ (గేట్ల మధ్య మెలికలు తిరుగుతూ దిగడం), జెయింట్ స్లాలమ్ (అదే, గేట్లు ఇంకాస్త దూరదూరంగా), మధ్యలో దిబ్బల మీంచి దూకుళ్ళు. చూడ్డానికి భలే ఉంటాయి, ఒప్పుకుంటాను. వేగమే లెక్కగా కొండ మీంచి దూసుకొచ్చే డౌన్‌హిల్ మాత్రం లేదు! ఆ వేటుకి రెండు వారాల ముందే ఆస్ట్రియాలోని కిట్స్‌బ్యూల్‌లో వరసగా రెండు డౌన్‌హిల్స్ గెలిచిన 33 ఏళ్ళ మనిషి అక్కడికెళ్ళి ఏం చేస్తాడు?

తర్వాత స్కీయర్లకి వచ్చిన బి లైసెన్స్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. దానితో స్పాన్సర్ డబ్బు నేరుగా తీసుకునే వీలుండేది, స్కీ వరల్డ్ కప్ ఆడే వీలుండేది, ఒలింపిక్స్ మాత్రం మర్చిపోవాల్సి వచ్చేది. 1980 ఒలింపిక్స్‌లో చెరో రెండు స్వర్ణాలు గెలిచిన స్వీడన్ స్కీయర్ ఇంగెమార్ స్టెన్‌మార్క్, లిక్టెన్‌స్టైన్ స్కీయర్ హన్నీ వెంజెల్ 1984లో సరయేవో ఒలింపిక్స్‌కి దూరమైంది అందుకే.

స్లాలమ్ వాళ్ళయితే కళ్ళు మూసుకుని ప్రొ వైపు వెళ్ళొచ్చు. ష్రాన్జ్ మాత్రం ఉన్నచోట ఉండటమే మంచిదయింది, ఒలింపిక్స్ పోయినా సరే. వియన్నాలో జనం విరగబడి స్వాగతం పలికారు, ఆస్ట్రియా చాన్సలర్ క్రైస్కీ పక్కన బాల్కనీలో నిలబడ్డాడు, అమెరికాలో ప్రొ రేసులాడేవాడికి అదెక్కడ దొరుకుతుంది? (ఆ ఏడాదే రేసులు మానేశాడనుకోండి, అది వేరే సంగతి.)