గ్యాస్ లాకర్‌లో దీపం: ఐదేళ్ల వాడకం తర్వాత

మొదట నా పాత మాట ఒకటి వెనక్కి తీసుకోవాలి. మా మోటార్‌హోమ్‌లో (వంటగది, పడకలు ఉన్న బండిలో) పెట్టించిన గ్యాస్ ఏర్పాటు గురించి అడిగిన వాళ్లకీ అడగని వాళ్లకీ రెండు మూడేళ్లపాటు ఊదరగొట్టాను. అందులో సగం పొగడ్త గ్యాస్ లాకర్‌లోని, అంటే బయటి వైపు తలుపుతో సిలిండర్లు ఉండే అరలోని, దీపానికే దక్కింది. తలుపు తీస్తే దానంతట అదే వెలిగి, మూస్తే ఆరిపోయే వేలెడంత ఎల్‌ఈడీ దీపం అది. ఇప్పుడు దాని పేరెత్తితేనే ఒళ్లు మండుతుంది.

మేం ఇంగ్లండ్‌లో, రీడింగ్‌లో ఉంటాం. 2019లో పాత బండి ఒకటి కొన్నాం. ఆ వేసవిలోనే అద్దె సిలిండర్లు తీసేయించి, పంపు దగ్గర మనమే నింపుకునే సిలిండర్లు రెండు పెట్టించాం. వాటి బరువులు, కొలతలు, ధరల జోలికి ఇక్కడ పోవడం లేదు. మేం మారడానికి కారణం చలి. పాత యజమాని వదిలి వెళ్లిన నీలం రంగు బ్యూటేన్ సిలిండర్, బయట సున్నా డిగ్రీలు అనేసరికి అలిగి కూర్చునేది. ఇక్కడి పంపుల్లో నింపుకునే ప్రొపేన్‌కు ఆ పేచీ లేదు, మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది. నింపుకునే సిలిండర్ 80 శాతం నిండగానే, లోపలికి వచ్చే గ్యాస్ దానంతట అదే ఆగిపోతుంది. ఇంత వరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు.

దీపం మాత్రం మేం అడగలేదు. సిలిండర్లు బిగించిన వర్క్‌షాపు వాళ్లు, బండి లోపల గోడ మీద గ్యాస్ ఎంత ఉందో చూపే సూచిక పెడుతూ, ‘ఎలాగూ వైరు లాగుతున్నాం కదా’ అని లాకర్‌లో ఈ దీపాన్ని కొసరుగా పెట్టి ఇచ్చారు. కొసరంటే మనకు ఎంత ప్రీతో చెప్పక్కర్లేదు. ఇక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. వానలో, నోట్లో టార్చి కరుచుకుని వాల్వు తిప్పే బాధ తప్పింది. పైగా బండి మెయిన్ స్విచ్ కట్టేసినా దీపం వెలిగేది. అది కూడా సౌకర్యమేనని మురిసిపోయాను. మెయిన్ స్విచ్ కట్టేశాక కూడా వెలిగే దీపానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న నాలుగేళ్లలో ఒక్కసారీ రాలేదు. నేను ఇంజనీరునే, కాకపోతే సాఫ్ట్‌వేర్ ఇంజనీరును.

2023 అక్టోబరులో అమ్మాయి బడి సెలవులకు స్కాట్లండ్ వెళ్లాం. గ్లెన్‌కో లోయలో బండి ఆపుకున్నాం. మూడో రోజు సాయంత్రం సన్నటి వాన. ఫ్రిజ్ గ్యాస్ మీద నడుస్తోంది. ఉప్మాకు ఉల్లిపాయలు తరిగిన మా ఆవిడ, తొక్కలు పారేసి వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయింది.

“ఏమండీ, మెట్టు దగ్గర ఏదో కుళ్లిన వాసన. నా ఉల్లిపాయలది కాదు.”

దిగి చూశాను. నిలబడితే ఏమీ లేదు. మోకాళ్ల మీద వంగితే ఘాటుగా తగిలింది. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, నేలబారునే పాకుతుంది. లాకర్ తలుపు మెట్టుకు ఆనుకునే ఉంది. వాల్వు కట్టేద్దామని గొళ్లెం మీద చేయి వేశాను.

మా అమ్మ రాజమండ్రిలో నలభై ఏళ్లుగా రోజూ రాత్రి రెగ్యులేటర్ కట్టేశాకే పడుకుంటుంది. ఆమె నాకు చిన్నప్పుడే నేర్పిన పాఠం ఒకటుంది: గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్ ముట్టుకోకు, వెలుగుతున్నది వెలగనీ, ఆరింది ఆరే ఉండనీ, ముందు తలుపు తెరువు. గొళ్లెం పట్టుకున్న క్షణంలో ఆ పాఠం గుర్తొచ్చింది, దానితోపాటే చిక్కూ అర్థమైంది. ఇక్కడ తలుపే స్విచ్. అది తెరిస్తే దీపం వెలుగుతుంది. తెరవకుండా సిలిండర్ కట్టేయలేను.

చేయి వెనక్కి తీసుకున్నాక ఇంకొకటి తట్టింది. దీపం గురించి ఇంత ఆలోచిస్తున్నాను గానీ, గజం దూరంలో గోడ వెనక ఫ్రిజ్ బర్నర్‌లో నిజమైన మంటే వెలుగుతోంది. లోపలికి పరుగెత్తి ఫ్రిజ్ మీట సున్నాకు తిప్పాను. పొయ్యి అప్పటికి ఇంకా వెలిగించలేదు. అమ్మాయినీ ఆవిడనూ ఎత్తు వైపు, స్నానాల గదుల దగ్గరికి పంపాను. పల్లం వైపు పంపితే గ్యాస్‌తో కలిసి నడిచినట్టే. ముందు భాగంలో కిటికీలన్నీ తెరిచాను. అక్కడ వాసన లేదని రెండుసార్లు వంగి చూసుకుని, ముందు సీటు కింద ఉన్న బ్యాటరీ నెగటివ్ వైరు విప్పేశాను. నేనూ బయటికి వెళ్లి ఇరవై నిమిషాలు వానలో నిలబడ్డాను. ఆ లోయ గాలిని అంతకు ముందు రెండు రోజులూ తిట్టుకున్నాను, ఆ పూట మాత్రం ఎంత వీస్తే అంత మంచిదనిపించింది.

ఆ తర్వాత క్యాంపు చూసుకునే ఆయన చాలా దూరంలో నిలబడి టార్చి వేస్తుండగా తలుపు తెరిచాను. లోపల చీకటి. చీకటిని చూసి అంత సంతోషించడం నా జన్మలో అదే మొదలు. తడుముకుంటూ రెండు వాల్వులూ కట్టేశాను. ఉప్మా ఆగిపోయింది. ఆ రాత్రి బ్రెడ్డు, పెరుగు, ఆవకాయ.

తెల్లవారాక కారణం దొరికింది, అది నేనే. వేసవిలో లాకర్ అడుగున రంగు వేయడానికి సిలిండర్లు బయటికి తీసి మళ్లీ పెట్టాను. ఆ నట్టుకు ఎడమ మర ఉంటుంది, అందరికీ అలవాటైన దిక్కుకు ఎదురు తిప్పి బిగించాలి. చేత్తో తిప్పి, ‘స్పానర్ తెచ్చి బిగిస్తాను’ అనుకుని, టీకి వెళ్లి మరిచిపోయినట్టున్నాను. నెలల తరబడి రోడ్ల కుదుపులకు అది వదులైంది. బ్యాటరీ వైరు విప్పే ఉంచి, క్షణంపాటు వాల్వు తెరిచి గిన్నెల సబ్బు నీళ్లు పోస్తే, గంజి పొంగినట్టు నురగ వచ్చింది.

అక్కడితో అయిపోలేదు. సిలిండర్లు కుదుపులకు గణగణలాడకుండా అడుగున ఒక రబ్బరు చాప వేసి ఉంచాను, ఆ పని తెలివికి అప్పట్లో నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. లాకర్ అడుగున కన్నాలు ఉండేదే కారిన గ్యాస్ బరువుకు కిందికి జారిపోవడానికి. లాకర్ నేల వైశాల్యంలో కనీసం రెండు శాతం, ఎంత చిన్న లాకరైనా 100 చదరపు సెంటీమీటర్లకు తగ్గకుండా తెరిచి ఉండాలి. అంటే దాదాపు అరచేయంత. నా చాప దాన్ని రెండు వేళ్లంత చేసి పెట్టింది. ఎప్పటికప్పుడు నేల మీద పడి గాలికి కొట్టుకుపోవలసిన గ్యాస్, చాప పుణ్యమా అని లోపలే నిలవ ఉంది. గాలిలో ప్రొపేన్ సుమారు రెండు నుంచి తొమ్మిదిన్నర శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. ఆ సాయంత్రం లాకర్‌లో ఎంత ఉందో ఎవరూ కొలవలేదు, అదీ ఒకందుకు మంచిదే.

ఇంటికి వచ్చాక ఒక గ్యాస్ ఇంజనీరును పిలిచాం. ఇక్కడ గ్యాస్ పని చేసేవాళ్ల అధికారిక నమోదు పేరు గ్యాస్ సేఫ్, వాళ్లకిచ్చే కార్డు వెనక వైపున ఆ మనిషి ఏ ఏ పనులకు అర్హుడో రాసి ఉంటుంది. ఇళ్లలోని గొట్టం గ్యాస్‌కు అర్హత ఉన్నంత మాత్రాన బండిలోని ఎల్‌పీజీకి ఉన్నట్టు కాదు, కార్డు తిప్పి చూసి పిలవాలి. ఆయన నింపాదిగా మాట్లాడే పెద్దమనిషి. దీపం మీద నా ఆవేశమంతా విని, స్విచ్ విప్పి అరచేతిలో పెట్టాడు. గోరంత పలక మీద ఆవగింజలో సగమంత నల్లటి మచ్చ. తలుపు తెరిచినప్పుడల్లా, మూసినప్పుడల్లా పడ్డ ముద్ర అది.

“అయినా మీరు అనుకుంటున్నంత దోషి ఇది కాదు” అన్నాడాయన. ఇంత చిన్న ఎల్‌ఈడీకి పారే కరెంటు బహు తక్కువ, ఆ నిప్పురవ్వ గ్యాస్‌ను అంటించేదో లేదో చెప్పలేం, లాకర్‌లో మాత్రం దానికి చోటు లేదు అని చెప్పి, తలుపు స్విచ్ వెనక ఉన్న వైరును వేలితో పైకి ఎత్తి చూపించాడు. నాకు నోట మాట రాలేదు. లోపలి గదికీ లాకర్‌కూ మధ్య గోడకు రంధ్రం చేసి వైరు లాగారు. రంధ్రం అంచున రబ్బరు రింగు లేదు. నాలుగేళ్ల కుదుపులకు రేకు అంచు వైరు తొడుగును కోసేసింది. లోపలి రాగి పోగులు మూడు నాలుగు తళతళా మెరుస్తున్నాయి. రెండో కొస నేరుగా బ్యాటరీకి, మధ్యలో ఫ్యూజు లేదు. మెయిన్ స్విచ్ కట్టేసినా దీపం వెలగడంలోని రహస్యం ఇదన్నమాట. ఆ రాగి ఇంకో వెంట్రుకవాసి జరిగి రేకును తాకితే వచ్చేది దీపపు రవ్వ కాదు, నూరు ఆంపియర్-అవర్ల బ్యాటరీ మొత్తం అక్కడే చిమ్మేది.

దానికి తోడు ఆ రంధ్రం చుట్టూ సీలు కూడా లేదు. గ్యాస్ లాకర్ లోపలి గది వైపు గాలి చొరకుండా ఉండాలన్నది మొదటి నియమం. ‘చూశారా, గదిలో గ్యాస్ అలారం మోగలేదు, లాకర్ ఎంత పకడ్బందీగా కట్టారో’ అని గ్లెన్‌కోలో ఆవిడతో అన్నాను. ఆ పొగడ్తా వాపసు. రంధ్రం గోడకు బాగా పైన ఉండటం, గ్యాస్ అడుగునే ఉండిపోవడం వల్ల బతికిపోయాం.

ఆయన గంటన్నరలో దీపం, స్విచ్, వైరు పీకేసి, రంధ్రం మూసి, గ్యాస్ పీడనం పరీక్ష చేసి వెళ్లాడు. సూచికను మాత్రం ఉంచాడు. గ్యాస్ వాడకానికి సంబంధించిన తక్కువ వోల్టేజీ పరికరం కాబట్టి దాని వైరుకు లాకర్‌లో చోటుందట, కాకపోతే ఆ వైరును సిలిండర్లకు తగలకుండా పైనుంచి, గొట్టంలో పెట్టి లాగి, ఫ్యూజు వేశాడు. పోతూ పోతూ లాకర్ మూలన చుట్టి పెట్టిన 230 వోల్టుల కరెంటు కేబుల్‌ను చూసి ఏమీ అనకుండా నా మొహం వంక చూశాడు. అది కూడా అదే రోజు వేరే అరలోకి మారింది. చలికాలం లాకర్ తెరవాలంటే ఇప్పుడు తలకు కట్టుకునే టార్చిని పది అడుగుల దూరంలోనే వెలిగించుకుని వెళ్తాను.

ఇక సిలిండర్ల సంగతి. దీపం వేసిన వర్క్‌షాపు మీద కోపం ఉన్నా, సిలిండర్ల మీద లేదు, అవి ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్నాయి. ‘ఎక్కడైనా నింపుకోవచ్చు’ అని అప్పట్లో అన్న మాటను మాత్రం కాస్త సడలించాలి. బ్రిటన్‌లో ఆటోగ్యాస్ (కార్లకు పోసే ఎల్‌పీజీ) పంపులు ఏటేటా తగ్గిపోతున్నాయి, స్కాట్లండ్ ఉత్తరానికి పోతే ముందే చూసి పెట్టుకోవాలి. యూరప్‌లో ఇబ్బంది తక్కువ గానీ, దేశాన్ని బట్టి పంపు గొట్టం ముక్కు మారుతుంది, అడాప్టర్లు వెంట ఉండాలి.

మేం ఏడాదికి నలభై రాత్రులు బండిలో ఉంటాం, చలికాలం కూడా తిరుగుతాం, పూటపూటా వంట చేస్తాం. దోసెల రోజున పొయ్యి రెండు గంటలు ఆరదు. మా వంటి వాళ్లకు ఈ ఖర్చు గిట్టుబాటే. వేసవిలో రెండు వారాంతాలు వెళ్లి టీ, గుడ్లు చేసుకునే వాళ్లకు అద్దె సిలిండరే చాలు. పెట్టించుకుంటే మాత్రం, బిగించిన మనిషి వెళ్లిపోకముందే లాకర్‌లోకి వచ్చే ప్రతి వైరు వెనకాలే నడిచి, అది ఎక్కడ మొదలవుతుందో, ఫ్యూజు ఎక్కడుందో చూపించమని అడగండి. కొసరుగా ఏదైనా ఇస్తామంటే నన్ను తలుచుకోండి.

దీపాన్ని పారేయడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. కొత్త స్విచ్, చిన్న బ్యాటరీ పెట్టి ఇంట్లో చెప్పుల అరలో బిగించాం. తలుపు తీస్తే వెలుగుతుంది.