కెరిస్ చూడాలంటే సోలోలో దిగాలి

కెరిస్ అనే పాతకాలపు బాకు కత్తుల కోసం ఇండోనేషియాలోని జావా దీవికి వెళ్లేవారిలో ఎక్కువమంది యోగ్యకర్తలో బస చేస్తారు. గదులు, భోజనం, బండ్లు అక్కడ సులువుగా దొరుకుతాయి గనుక అది సహజమే. ఈ ఒక్క పనికి మాత్రం సోలో, అంటే సురకర్త, మేలని నా అభిప్రాయం. రెండు ఊళ్ల మధ్య లోకల్ రైలు తిరుగుతుంది. ప్రయాణం గంటకు కాస్త పైన, టికెట్ చవక.

సోలోలో 2017లో ప్రారంభమైన కెరిస్ నుసంతర మ్యూజియంలో తయారీ క్రమాన్ని ముందు అర్థం చేసుకుంటే, ఆ తర్వాత ఎక్కడ ఏ కత్తి అలుగు (పిడి కాక మిగిలిన లోహపు భాగం) చూసినా కన్ను దేనికోసం వెతకాలో తెలుస్తుంది. ఎంపు అనే కమ్మరి ఇనుమునూ నికెల్ కలిసిన ఇనుమునూ పొరలుగా పేర్చి, కాల్చి, సాగగొట్టి, మడిచి మళ్లీ కొడతాడు. ఆ పొరల అల్లికే పామోర్. పాషాణం కలిపిన నిమ్మరసం పట్టించినప్పుడు ఇనుము నల్లబడి, నికెల్ పొర వెండిలా మెరుస్తూ మిగులుతుంది. ఒలికిన బియ్యంలా చుక్కలు చెదిరిన పామోర్‌ను సిరిసంపదలకు గుర్తుగా భావిస్తారు. తిన్నని అలుగును విశ్రమించిన నాగుగా, వంపులున్నదాన్ని కదిలే నాగుగా చెబుతారు. ఆ వంపులు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి.

యోగ్యకర్తలో 1935 నాటి సొనొబుదొయొ మ్యూజియం ఒరలు చూడటానికి మంచిది. పడవలా రెండు కొనలూ పైకి లేచిన లద్రాంగ్ ఒర వేడుకలకు, గుండ్రని గయమాన్ ఒర నిత్య ధారణకు. వెళ్లేముందు సెలవు రోజు చూసుకోవాలి, అక్కడి మ్యూజియంలకు సాధారణంగా సోమవారం సెలవు.

సోలోలోని త్రివిందు పాత వస్తువుల బజారు సరదాగా తిరగడానికే గానీ, కొనడానికి నేను సిఫారసు చేయను. ఒక దుకాణదారు చూపించిన ప్రతి కత్తీ ఉల్కాలోహంతో చేసిందేనన్నాడు. యోగ్యకర్త సమీపంలోని ప్రంబనాన్ ఆలయాల దగ్గర దొరికిన ఉల్క 18వ శతాబ్దం చివర సోలో రాజప్రాసాదానికి చేరిన మాటా, అందులోంచి పామోర్‌కు లోహం తీసిన మాటా నిజమే. అది బజారులోని కత్తులన్నిటికీ సరిపోదు కదా! పైగా సాంస్కృతిక వారసత్వంగా గుర్తించిన పాత వస్తువులను అనుమతి లేకుండా దేశం దాటించడాన్ని ఇండోనేషియా 2010 నాటి చట్టం నిషేధిస్తుంది.

అసలు తప్పనిసరిగా చూడవలసింది లవు పర్వతం వాలుపై ఉన్న 15వ శతాబ్దపు సుకుహ్ ఆలయం. అక్కడి శిల్పంలో భీముడు కొలిమి దగ్గర అలుగును వట్టి చేత్తో పట్టుకుని ఉంటాడు, అర్జునుడు నిలువు గొట్టాల తిత్తులను ఆడిస్తాడు, నడుమ గణపతి నాట్యం చేస్తుంటాడు. మన కమ్మరి కొలిమిలోని తోలు తిత్తులకు ఆ జంట గొట్టాలకు పోలిక లేదు, పని మాత్రం ఒకటే. దారి బాగా నిటారు గనుక సోలో నుంచి డ్రైవరుతో కారు మాట్లాడుకోవడమే క్షేమం; సొంతంగా స్కూటర్ నడిపే సాహసం వద్దు.

జావా పంచాంగంలోని సురో నెలలో కెరిస్‌లను శుద్ధి చేసే ఆచారం ఉంది. ఆ రోజుల్లో వెళ్లాలనుకుంటే సోలోలో గది ముందే మాట్లాడుకోవాలి.