ఎస్సిటలోప్రామా, సైలోసైబినా: డిప్రెషన్‌కు ఏది మేలు?

మా పిన్ని కొడుకు మొన్న ఫోన్ చేసి, "అన్నా, ఈ మాత్రలు మానేసి కొడైకెనాల్ వెళ్లి ఆ పుట్టగొడుగులు తింటే ఒక్క దెబ్బకు తగ్గిపోతుందట కదా?" అన్నాడు. రెండేళ్లుగా ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర వాడుతున్నాడు. ఏడుపు ఆగింది గానీ నవ్వు కూడా రావట్లేదని వాడి బాధ. ఆ మందు వాడేవాళ్లలో చాలామంది చెప్పే మాటే అది, కొట్టిపారేయడానికి లేదు.

ఈ రెండింటినీ నేరుగా పోల్చి చూశారు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో 59 మంది రోగులతో చేసిన ఆ ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి. సగం మందికి మూడు వారాల తేడాతో రెండుసార్లు 25 మిల్లీగ్రాముల సైలోసైబిన్, అంటే ఆ పుట్టగొడుగుల్లో ఉండే పదార్థం, మిగతావాళ్లకు ఆరు వారాలు రోజూ ఎస్సిటలోప్రామ్. డిప్రెషన్ స్కోరు మొదటివాళ్లలో 8, రెండోవాళ్లలో 6 పాయింట్లు తగ్గింది. ఇదే అసలు కొలత, దీంట్లో ఆ తేడా గణాంకాలకు నిలబడలేదు, అంటే అది కాకతాళీయం కూడా కావచ్చు. లక్షణాలు దాదాపు పోయినవాళ్లు మాత్రం 57 శాతం, 28 శాతం. ఆన్‌లైన్లో అందరూ ఈ రెండో అంకెనే చూపిస్తారు. పైగా ఎస్సిటలోప్రామ్ పూర్తిగా పనిచేయడానికే కొన్ని వారాలు పడుతుంది, దానికి ఆరు వారాలు తక్కువ గడువే.

ఆలోచన తీరులో సైలోసైబిన్‌దే పైచేయి అని నాకనిపిస్తుంది. డిప్రెషన్లో మనసు ఒకే గాడిలో తిరుగుతుంది కదా, చికిత్స తర్వాత తీసిన స్కాన్లలో మెదడులోని వేర్వేరు నెట్‌వర్కులు ఒకదానితో ఒకటి ఎక్కువగా కలిసి పనిచేయడం కనిపించింది. ఎస్సిటలోప్రామ్ వాళ్లలో ఆ మార్పు లేదు. ఆరు నెలల తర్వాత డిప్రెషన్ విషయంలో ఇద్దరూ దాదాపు సమానమే, కానీ మనుషులతో దగ్గరితనం, బతుకుకు అర్థం ఉందన్న భావన సైలోసైబిన్ వాళ్లలోనే ఎక్కువ.

కానీ తమ్ముడూ, అక్కడ ఇచ్చింది కొలిచిన మందు. పక్కన గంటల తరబడి కూర్చున్న థెరపిస్టులు, ముందూ తర్వాతా మాట్లాడించిన మనుషులు ఉన్నారు. సైకోసిస్, అంటే లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు, ముప్పు ఉన్నవాళ్లను మొదటే పక్కన పెట్టారు. కొడైకెనాల్‌లో నీకు దొరికే పుట్టగొడుగులో ఎంత మందు ఉందో అమ్మినవాడికే తెలియదు, అది మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద నేరం కూడా. ఎస్సిటలోప్రామ్ ఉన్నపళంగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం వేరే గోల.

ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి, ఇతర మందులకు లొంగని డిప్రెషన్‌కు అనుమతి పొందిన సైకియాట్రిస్టులు సైలోసైబిన్ రాయొచ్చు. అలాంటి చికిత్స మన దగ్గరా వచ్చిన రోజు నేనే తీసుకెళ్తా. ఈలోగా మేలు ఎస్సిటలోప్రామే. "నవ్వు రావట్లేదు డాక్టర్" అని ఆ మాటే చెప్పు, డోసు తగ్గించడానికీ మందు మార్చడానికీ దారులున్నాయి. రాత్రిపూట మరీ బరువుగా అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.