మోకాలి ఎంఆర్‌ఐకి డీప్ లెర్నింగ్: రెండేళ్లు వాడాక

విజయవాడలోని ఒక స్కానింగ్ కేంద్రంలో నేను ఎంఆర్‌ఐ టెక్నీషియన్‌ని. మా 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) యంత్రానికి డీప్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకుని బొమ్మను శుభ్రం చేసేది, చేర్చి రెండేళ్లు దాటింది. మాకు వచ్చేవాటిలో మోకాళ్లు, నడుములే ఎక్కువ.

ఒక మోకాలికి అయిదు సీక్వెన్సులు (ఒక్కోటి ఒక్కో రకం బొమ్మల వరుస) తీయడానికి మాకు 18 నిమిషాలు పట్టేది. ఇప్పుడు 9 చాలు. తొందరపడి తీస్తే బొమ్మ గరుకుబారడం ఎంఆర్‌ఐ స్వభావం. సమయం సగం చేస్తే శరీరం నుంచి వచ్చే సంకేతానికీ, బొమ్మను గరుకు చేసే నాయిస్‌కీ ఉన్న నిష్పత్తి సుమారు 30 శాతం పడిపోతుంది. ఆ లోటును ఈ సాఫ్ట్‌వేర్ పూడుస్తుంది. గరుకు బొమ్మ, దాని నున్నని జోడు కలిపి వేలకొద్దీ చూపించి దానికి నేర్పారు. ఏది నాయిసో, ఏది ఎముకో విడదీయడమే దాని పని.

దీని విలువ నాకు తెలిసింది కిందటి వేసవిలో. మెట్లు దిగలేక ఒక పెద్దావిడ వచ్చారు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. కాలు చాపి ఉంచితే మూడో నిమిషానికే వణుకు. ‘ఇంకెంతసేపు బాబూ’ అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కో సీక్వెన్సు రెండు నిమిషాల లోపే ముగుస్తుంది కాబట్టి మధ్యలో ఆపి, కాలికింద దిండు సర్ది, మళ్లీ మొదలుపెట్టగలిగాను. కాలి పెద్ద ఎముక పైభాగంలో సన్నని నల్లగీత, దాని చుట్టూ వాపు స్పష్టంగా వచ్చాయి. అది ఒత్తిడి వల్ల వచ్చిన పగులు. పాత పద్ధతిలో అయితే ఆ గీత కదలికలో కలిసిపోయేదని నా నమ్మకం.

ఇక లోపం. నాయిస్ తీసివేతకు మూడు స్థాయిలున్నాయి. బొమ్మ అందంగా వస్తుందని మొదట్లో పై స్థాయే వాడాం. ఎముక లోపలి సన్నని అల్లిక మైనం పూసినట్లు నున్నగా అయిపోయేది. ఒకరోజు కబడ్డీ ఆడే కుర్రవాడి మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) అంచున ఏదో అనుమానంగా ఉందని మా రేడియాలజిస్టు మేడమ్ ఆపారు. అదే ముడి డేటాను (బొమ్మగా మారకముందు యంత్రం పట్టిన సంకేతాలను) కింది స్థాయిలో మళ్లీ బొమ్మగా కట్టి చూపిస్తే చీలిక గీత తేటగా కనబడింది. ఆరోజు నుంచి మధ్య స్థాయి దాటడం లేదు, అనుమానం ఉంటే సాఫ్ట్‌వేర్ వాడకుండా కట్టిన మామూలు బొమ్మ కూడా పక్కన పెడుతున్నాం. ముడి డేటా యంత్రంలో కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి ఈ పని ఆరోజే చేయాలి.

కదిలిన బొమ్మను మాత్రం ఇది బాగుచేయదు. కదలిక నీడలనే మరింత పదునుగా చూపిస్తుంది. రాడ్లు, స్క్రూలు ఉన్న కాళ్లకూ దీనివల్ల పెద్ద లాభం లేదు.

న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్యులు, ఫేస్‌బుక్ పరిశోధకులు 2018లో మొదలుపెట్టిన ఫాస్ట్‌ఎంఆర్‌ఐ అనే పరిశోధన ప్రాజెక్టు కూడా మోకాళ్లతోనే ఆరంభమైంది. నాలుగోవంతు డేటాతో కట్టిన బొమ్మలను మామూలు బొమ్మల బదులు వాడవచ్చని వారి 2020 అధ్యయనం తేల్చింది. మేడమ్ రోజూ చూసేది కూడా అందుకు విరుద్ధంగా లేదు, స్థాయి అదుపులో ఉంచినంత వరకు.

కొనాలనుకునేవారు అమ్మకందారు తెచ్చిన మెదడు బొమ్మలు చూసి మురిసిపోవద్దు. ఒకే మోకాలిని మూడు స్థాయిల్లోనూ కట్టించి, మీ రేడియాలజిస్టును పక్కన కూర్చోబెట్టి ఎముక అల్లిక చూడండి. ముడి డేటా ఎన్నాళ్లు నిలుస్తుందో కాగితం మీద రాయించుకోండి.