స్క్రాచ్, కోడ్.ఆర్గ్: ఆరో తరగతికి ఏది తగినది?

పిల్లలకు ప్రోగ్రామింగ్ పరిచయం చేయదలచిన హైదరాబాద్ ఉపాధ్యాయులకు నేను సూచించేవి రెండు ఉచిత వెబ్‌సైట్లు: అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన స్క్రాచ్, 2013లో మొదలైన కోడ్.ఆర్గ్. రెండింటిలోనూ పిల్లలు ఆదేశాలను టైపు చేయకుండా, రంగురంగుల బ్లాకులను ఒకదాని కింద ఒకటి పేర్చి ప్రోగ్రామ్ తయారు చేయవచ్చు.

కోడ్.ఆర్గ్‌లో పాఠాలు వరుసక్రమంలో ఉంటాయి. ఎవరు ఏ మెట్టు దాకా వచ్చారో ఉపాధ్యాయుడికి తన పేజీలోనే కనిపిస్తుంది కనుక, నలభై మంది ఉన్న తరగతిని ఒక్కరే నడిపేవారికి ఇది పెద్ద ఊరట. అయితే దారి ముందే గీసి ఉండటంతో, పిల్లవాడి సొంత ఊహకు చోటు కొంత తక్కువ.

స్క్రాచ్ మొదటి తెర ఖాళీగా, ఒక పిల్లి బొమ్మతో ఎదురవుతుంది. పాతబస్తీలోని ఒక బడిలో నేను పాఠం చెబుతున్నప్పుడు, ఒక అమ్మాయి బోనాల డప్పు మోతను మైకులో రికార్డు చేసి, ఆ దరువుకు పిల్లి ఎగిరేలా బ్లాకులు పేర్చింది. దరువు ముగియకముందే పిల్లి ఆగిపోతుంటే, ‘10 సార్లు’ అన్న చోట 20 అని మార్చి చూసి, లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశం) అంటే ఏమిటో తనంతట తానే గ్రహించింది. ఆ క్షణంలో ఆమె ముఖం నాకింకా గుర్తుంది.

ఇంటర్నెట్ తరచూ ఆగిపోయే బడులకు స్క్రాచ్ యాప్‌ను ముందుగా దించుకొని వాడుకునే వీలుంది. కోడింగ్ తమకే కొత్తయిన ఉపాధ్యాయులు మొదటి నెల కోడ్.ఆర్గ్‌తో గడపడం మంచిదే కానీ, ఒక్కదాన్నే ఎంచుకోవలసి వస్తే నేను స్క్రాచ్‌నే ఎంచుకుంటాను.