డ్రమ్‌హెల్లర్ లోయా, ఎల్క్ ఐలాండ్ అడవా?

కెనడాలోని ఆల్బర్టాలో ఎండాకాలం కారేసుకుని తిరగాలంటే నా మనసు డ్రమ్‌హెల్లర్ వైపే. కాల్గరీ నుంచి గంటన్నర దారి, రెండువైపులా చదునైన పొలాలే. ఉన్నట్టుండి నేల నోరు తెరిచినట్టు హార్స్‌షూ కాన్యన్! హూడూలనే ఇసుకరాతి స్తంభాల నెత్తిన గట్టిరాయి గొడుగులా నిలబడి, కింది రాయిని వాన కోసేయకుండా కాస్తుంది. 1985లో తెరిచిన రాయల్ టిరెల్ మ్యూజియంలో డైనోసార్ల ఎముకలు చూడ్డానికే సగం రోజు కావాలి. నీడ మాత్రం దొరకదు, నీళ్లు ఎక్కువే పెట్టుకోండి. చినుకు పడిందా, ఆ బంకమట్టి మీద కాలు జర్రున జారుతుంది.

ఎల్క్ ఐలాండ్ నేషనల్ పార్క్ ఎడ్మంటన్‌కు గంటలోపే. ఆస్పెన్ చెట్లు, చెరువులు, చల్లదనం, దోమలూ. అడవిదున్నల్లాంటి బైసన్ దుమ్ములో పొర్లుతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. కారు దిగితే వాటికి 100 మీటర్ల దూరం తప్పనిసరి. పసిపిల్లలతో వెళ్తే ఇదే మేలు.